గట్టు మీద కబుర్లు

మిట్టమధ్యాహ్నం. చెరకు తోటలో ఎండాకు తీస్తున్న ఆడవాళ్ళు బయటకు వచ్చారు. గట్టు మీద చింతచెట్టు ఉంది. దాని నీడన కూచున్నారు. చేతులు కడుక్కున్నారు. కేరేజీలు విప్పారు. ఒకామె చోడి అంబలి తెచ్చింది. ఒకామె చద్దన్నం తెచ్చింది. ఉల్లిపాయ ఒకరిది. ఆవకాయ ముక్క ఇంకొకరిది. నలుగురూ పంచుకున్నారు.

తింటూ మాట్లాడుకుంటున్నారు.

"అప్పా, ఈ ఆకు గీరుకుని చేతులు మండిపోతున్నాయే."

"మీ ఆయనది పాత చొక్కా లేదేటి? చీర మీద తొడుక్కో. పొడుగు చేతులది తెచ్చుకో."

"మెడ మీద నూగు పడుతున్నాది. ఒకటే దురద."

"గుండీలు మెడదాకా పెట్టుకో. తలకు తువ్వాలు చుట్టుకో. నాకూ మొదట్లో అలాగే ఉండేది."

ఇంతలో మేస్త్రీ కేక వేశాడు. "కబుర్లు చాలు. లేవండి, లేవండి!"

ఈ కేక మనకు కొత్త కాదు. ఆడవాళ్ళు నలుగురు కూచుంటే కబుర్లు అంటారు. మగవాళ్ళు నలుగురు కూచుంటే చర్చ అంటారు. అది సరే.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ గట్టు మీద ఏం జరిగింది? ఒకామెకు పనిలో కష్టం వచ్చింది. ఆ కష్టం నోరు విప్పి చెప్పింది. ఇంకొకామెకు దానికి ఉపాయం తెలుసు. ఆమె చెప్పింది. పైసా ఖర్చు లేదు. రేపు ఆమె చేతులు మండవు. పని కూడా చురుగ్గా సాగుతుంది. అంటే ఆ కబుర్ల వల్ల మేస్త్రీకి కూడా లాభమే. ఆ సంగతి ఆయనకు తెలియదు.

చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని పనిచేసే ఆడవాళ్ళు ఇప్పుడు ఊరూరా కనిపిస్తారు. చెరకు తోటలో కనిపిస్తారు. పత్తి చేలో కనిపిస్తారు. రోడ్డు పనిలో కూడా కనిపిస్తారు. అలా తొడుక్కోమని ఏ ఆఫీసరూ ఉత్తర్వు వేయలేదు. ఒకరిని చూసి ఒకరు, ఒకరు చెబితే ఒకరు నేర్చుకున్నారు. 

పని దగ్గర నలుగురు కలిసి కూచునే చోటు ఉంటుంది. గట్టు కావచ్చు. చెట్టు నీడ కావచ్చు. ఫ్యాక్టరీలో భోజనాల గది కావచ్చు. ఆ చోట ఏ సామానూ తయారవదు. కానీ ఉపాయాలు తయారవుతాయి. అది ఎలాగో చూద్దాం.

బెల్లం పొయ్యి దగ్గర

అనకాపల్లి అనగానే బెల్లం గుర్తుకొస్తుంది. ఇక్కడి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది. అంతకు ముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. చెరకు మీద పరిశోధన చేసే కేంద్రం 1913లోనే ఇక్కడ పెట్టారు.

బెల్లం వండడం మీలో చాలామంది చూసే ఉంటారు. కొందరు ఆ పని చేసి ఉంటారు. చెరకు గానుగ ఆడతారు. రసం పెద్ద పెనంలో పోస్తారు. కింద మంట పెడతారు. మంటకు చెరకు పిప్పే వంటచెరకు. రసం కాగుతుంది. మడ్డి పైకి తేలుతుంది. దాన్ని తోడి పారేస్తారు. కొంచెం సున్నం వేస్తారు. కొందరు బెండ మొక్క కాండం దంచి నీళ్ళలో నానబెడతారు. ఆ జిగురు నీళ్ళు రసంలో పోస్తారు. జిగురుకు మడ్డి అంటుకుని పైకి వస్తుంది. రసం తేటపడుతుంది. 100 కిలోల చెరకు ఆడితే సుమారు 10 కిలోల బెల్లం వస్తుంది.

పాకం ఎప్పుడు దించాలి? అసలు కష్టం అక్కడ ఉంది. ముందే దించితే దిమ్మ గట్టిపడదు. ఆలస్యమైతే మాడుతుంది. రంగు పోతుంది. రంగు పోతే మార్కెట్లో ధర పోతుంది. నెలల తరబడి పడిన కష్టం ఒక్క నిమిషంలో పాడవుతుంది.

పాకం వేడి సుమారు 118 డిగ్రీలకు వస్తే దించాలని పుస్తకాల్లో రాస్తారు. వండే ముసలాయన చేతిలో థర్మామీటరు ఉండదు. ఆయన బుడగ చూస్తాడు. వాసన చూస్తాడు. కొంచెం పాకం నీళ్ళలో వేసి వేళ్ళతో నొక్కుతాడు. ఉండ కట్టిందా, దించమంటాడు. ఈ తెలివి ఆయనకు ఎక్కడ వచ్చింది? పొయ్యి దగ్గర కూచుంటే వచ్చింది.

ఒక పెనం రసం ఉడికి పాకం కావాలంటే రెండు మూడు గంటలు పడుతుంది. అంతసేపూ అందరూ అక్కడే ఉంటారు. గానుగలో చెరకు పెట్టేవాళ్ళు ఉంటారు. మంట వేసేవాడు ఉంటాడు. పిప్పి ఆరబెట్టే ఆడవాళ్ళు ఉంటారు. పక్క పొలం రైతు కూడా వస్తాడు. ఒక గ్లాసు రసం తాగుతాడు. మాట కలుపుతాడు.

"మొన్న మా దిమ్మ నల్లగా వచ్చిందిరా. ఎందుకంటావు?"

"చెరకు కొట్టి ఎన్నాళ్ళయింది మావా?"

"మూడు రోజులు. కూలీలు దొరకలేదు."

"అదీ సంగతి. కొట్టిన చెరకు నిలవ ఉంటే రసం చెడుతుంది. వెంటనే ఆడాలి."

చూశారా? ఆయన సలహా కోసం రాలేదు. రసం తాగడానికి వచ్చాడు. సలహా దానంతట అదే దొరికింది.

ఇప్పుడు పిప్పి సంగతి చూద్దాం. ఇక్కడ నాకు కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. ఎందుకంటే ఆ పనిలో చాలాచోట్ల ఆడవాళ్ళే ఉంటారు. గానుగ నుంచి పిప్పి తెస్తారు. కళ్ళంలో పరుస్తారు. తిరగేస్తారు. ఆరాక పొయ్యి దగ్గరకు మోస్తారు. ఇది చిన్న పని అని అందరూ అనుకుంటారు. కానీ పిప్పి తడిగా ఉంటే మంట రాదు. పొగ వస్తుంది. మంట సరిగా లేకపోతే రసం ఎక్కువసేపు ఉడకాలి. ఎక్కువసేపు ఉడికితే రంగు పోతుంది. అంటే బెల్లం రంగు పిప్పి ఆరబెట్టే ఆమె చేతిలో కూడా ఉంది.

రాత్రి మంచు కురిసిందనుకోండి. అడుగు పొర తడిగా ఉన్న సంగతి ఎవరికి తెలుసు? వండే ఆయనకు తెలియదు. రైతుకు తెలియదు. ఆమెకే తెలుసు. ఆమె ఎక్కడో దూరంగా కూచుని తిని వెళ్ళిపోతే ఆ సంగతి ఆమెతోనే పోతుంది. అందరితో కలిసి కూచుంటే మాటల్లో చెబుతుంది. "ఇవాళ పై పొరే వాడండి. అడుగుది ఇంకా ఆరలేదు." ఈ ఒక్క మాటతో ఒక పెనం బెల్లం నిలబడుతుంది.

కూచుంటే ఎందుకు తెలివి వస్తుంది?

పని చేసేటప్పుడు మన కళ్ళు పని మీదే ఉంటాయి. చేతిలో ఉన్న చెరకు గడ, కాలి కింద ఉన్న మట్టి, ఇవే కనిపిస్తాయి. కూచున్నప్పుడు మనసు కాస్త వెనక్కి జరుగుతుంది. పొద్దుటి నుంచి ఏం జరిగిందో అంతా కనిపిస్తుంది. ఎక్కడ ఆగిపోయామో తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఒక్కొక్కరికి పనిలో ఒక్కో ముక్క తెలుసు. పిప్పి ఆమెకు తడి తెలుసు. వండేవాడికి పాకం తెలుసు. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ళ కథ విన్నారు కదా! వాళ్ళు కొట్టుకున్నారు. ఒకచోట కూచుని ఎవరికి ఏం తగిలిందో నిదానంగా చెప్పుకుంటే ఏనుగు మొత్తం తెలిసేది.

అన్నిటి కంటే పెద్దది భయం. మేస్త్రీ ఎదుట నిలబడి "నాకు ఇది రావడం లేదు" అని ఎవరు చెబుతారు? చెబితే రేపు పనికి పిలవడేమో అని భయం. పక్కన కూచుని అన్నం తినే అప్పతో చెప్పడానికి భయం ఉండదు. తప్పు కూడా నవ్వుతూ చెప్పుకుంటాం. తప్పు బయటకు వస్తేనే దాన్ని దిద్దుకోగలం.

జిరాక్స్ మిషన్ బాగు చేసేవాళ్ళు

ఇది మన పల్లెల సంగతి మాత్రమే అనుకోకండి. అమెరికా దేశంలో కూడా ఇదే జరిగింది.

మండలం ఆఫీసు దగ్గర కాగితం నకలు తీసే మిషన్ చూశారు కదా. జిరాక్స్ మిషన్ అంటాం. జిరాక్స్ అనేది ఆ మిషన్లు తయారు చేసే కంపెనీ పేరు. మిషన్ చెడిపోతే బాగు చేయడానికి ఆ కంపెనీలో మెకానిక్కులు ఉండేవాళ్ళు. కంపెనీ వాళ్ళకు లావుపాటి పుస్తకాలు ఇచ్చింది. ఏ రోగానికి ఏ మందో ఆ పుస్తకాల్లో రాసి ఉంటుంది. పుస్తకం చూసి బాగు చేయండి, చాలు అన్నారు.

1980 తర్వాత జూలియన్ ఆర్ అనే పరిశోధకుడు ఆ మెకానిక్కుల వెంట తిరిగాడు. వాళ్ళు ఎలా పని చేస్తారో చూశాడు. పొద్దున టిఫిను దగ్గర కలుస్తున్నారు. మధ్యాహ్నం భోజనం దగ్గర కలుస్తున్నారు. ఎప్పుడు చూసినా మిషన్ల కబుర్లే. "నిన్న ఫలానా మిషన్ నన్ను ఏడిపించింది. ఇలా చూశాను. కాలేదు. అలా చూశాను. అప్పుడు దొరికింది." ఇలా కథలు చెప్పుకుంటున్నారు.

ఒకసారి ఒక మిషన్ చెడింది. తప్పు ఒకచోట ఉంటే మిషన్ ఇంకోచోట ఉందని చూపిస్తోంది. పుస్తకం ప్రకారం చేస్తే బాగవలేదు. ఇద్దరు మెకానిక్కులు దాని ముందు కూచున్నారు. పాత మిషన్ల కథలు ఒకరికొకరు చెప్పుకున్నారు. చాలాసేపు చెప్పుకున్నారు. ఒక కథ ఇంకో కథను గుర్తుకు తెచ్చింది. చివరకు అసలు తప్పు ఎక్కడుందో తేలింది.

జూలియన్ ఆర్ 1996లో దీని మీద పుస్తకం రాశాడు. పుస్తకాలు రాసే చదువుకున్నవాళ్ళకు తెలియనిది మెకానిక్కుల మాటల్లో ఉందని చూపించాడు. కంపెనీకి కూడా బుద్ధి వచ్చింది. మెకానిక్కులు కనిపెట్టిన ఉపాయాలను కంప్యూటర్లో చేర్చి అన్ని ఊళ్ళ మెకానిక్కులకూ అందేలా చేసింది.

మన పొయ్యి దగ్గర జరిగేదీ, అక్కడ జరిగేదీ ఒకటే కదా! కాకపోతే అక్కడ ఒకరు వచ్చి రాసుకున్నారు. మన దగ్గర ఎవరూ రాసుకోలేదు.

మాట్లాడుకోనిచ్చిన గది

ఆడవాళ్ళ సంగతి ఒకటి చెబుతాను. అమెరికాలో చికాగో అనే పెద్ద పట్నం ఉంది. అక్కడ టెలిఫోను సామాన్లు చేసే ఫ్యాక్టరీ ఉండేది. 1927లో ఐదుగురు ఆడ కూలీలను పెద్ద హాలు నుంచి తీసి ఒక చిన్న గదిలో కూచోబెట్టారు. చిన్న చిన్న ముక్కలు బిగించి ఒక సామాను చేయడం వాళ్ళ పని. పెద్ద హాలులో మాట్లాడితే కోప్పడేవాళ్ళు. ఈ గదిలో అంతగా కోప్పడలేదు. మధ్యలో విరామం ఇచ్చారు. తినడానికి కాస్త పెట్టారు. పని పెరిగింది.

ఇది మాటల వల్లనే పెరిగిందా? పండితులు దీని మీద చాలా వాదించుకున్నారు. ఎందుకంటే ఆ గదిలో కూలి లెక్క కూడా మారింది. పెద్ద హాలులో వందమంది పని కలిపి లెక్క కట్టేవాళ్ళు. ఇక్కడ ఈ కొద్దిమంది పని కలిపి లెక్క కట్టారు. వీళ్ళు ఎంత ఎక్కువ చేస్తే వీళ్ళకే అంత వచ్చింది. ఇంకో ముచ్చట కూడా ఉంది. 1928లో ఆ ఐదుగురిలో ఇద్దరిని ఆ గది నుంచి మార్చేశారు. సరిగా సహకరించడం లేదు, ఎక్కువ మాట్లాడుతున్నారు అన్నారు! మాట్లాడుకోనిచ్చిన గదిలో కూడా మాటకు అంత భయపడ్డారు.

ఇందులో మనం గమనించాల్సింది కూలి లెక్క. మన ఉపాయంతో పని పెరిగితే ఆ లాభంలో మనకూ కొంత రావాలి. అంతా యజమానికే పోతే ఎవరు ఉపాయం చెబుతారు? నోరు మూసుకుని కూచుంటారు. అది తప్పు కూడా కాదు.

కలిసే చోటు పోతే

మా క్లాసుకు వచ్చే అమ్మాయిలు కొందరు ఒక బట్టల యూనిట్లో కుట్టుపని చేసేవారు. యూనిట్ పేరు ఇక్కడ వద్దు. మొదట్లో అందరికీ ఒకేసారి భోజనం బెల్లు కొట్టేవాళ్ళు. తర్వాత లైను లైనుకూ వేరే టైము పెట్టారు. ఈ లైను వాళ్ళు తినేటప్పుడు ఆ లైను వాళ్ళు మిషన్ మీద ఉంటారు. రద్దీ తగ్గింది. మంచిదే అనుకున్నారు.

ఒకసారి మందపాటి బట్ట వచ్చింది. జీన్స్ లాంటిది. కుట్లు కలిసే చోట దారం తెగిపోతోంది. ఒక లైనులో ఒక అమ్మాయి ఉపాయం కనిపెట్టింది. లావు సూది వేయించుకుంది. దారం బిగువు కాస్త వదులు చేసింది. ఆ మందం వచ్చిన చోట చేత్తో చక్రం తిప్పి నెమ్మదిగా దాటించింది. ఆమె లైను సాఫీగా నడిచింది. పక్క లైను వాళ్ళకు ఈ సంగతి తెలియదు. రెండు వారాలు దారాలు తెంపుకున్నారు. తిట్లు తిన్నారు. లెక్క తక్కువైందని డబ్బులు కూడా తగ్గాయి. రెండు లైన్ల మధ్య దూరం పది అడుగులు!

చివరకు ఎలా తెలిసింది? ఇంటికి వచ్చే షేర్ ఆటోలో తెలిసింది. ఒకామె ఏడుస్తోంది. ఎందుకమ్మా అని ఇంకొకామె అడిగింది. పది నిమిషాల్లో ఉపాయం చేతులు మారింది. ఆ ఆటోయే వాళ్ళకు గట్టు అయింది.

మగవాళ్ళకు ఈ ఇబ్బంది తక్కువ. వాళ్ళకు టీ కొట్టు ఉంది. రచ్చబండ ఉంది. మార్కెట్లో ధర ఎంత పలికింది, ఏ మందు పని చేసింది, లోను ఎక్కడ ఇస్తున్నారు, ఇవన్నీ అక్కడ తెలుస్తాయి. ఆడవాళ్ళు టీ కొట్టు బల్ల మీద కూచోగలరా? మన ఊళ్ళలో ఇంకా కష్టమే. మనకు నుయ్యి ఉండేది. వీధి కుళాయి ఉండేది. చెరువు గట్టు ఉండేది. ఇప్పుడు చాలా ఇళ్ళకు కుళాయి వచ్చింది. రావాల్సిందే. నడుము నొప్పి తప్పింది. కానీ బిందెతో పాటు నలుగురు కలిసే చోటు కూడా పోయింది. ఆ సంగతి మనం గమనించలేదు.

అందుకే పని దగ్గర దొరికే ఆ అరగంట మనకు మరీ ముఖ్యం. అది ఎవరో దయతో ఇచ్చేది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే దాన్ని రాశారు. ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఉండాలి అని రాశారు. 150 మందికి మించి పనివాళ్ళు ఉంటే విశ్రాంతికి, భోజనానికి గది ఉండాలని రాశారు. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. ఆ పనులు 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయ్యాయి. పని దగ్గర మంచినీళ్ళు, పిల్లలకు నీడ, విశ్రాంతి సమయం ఉండాలని ఆ చట్టంలో కూడా రాశారు. ఆ తర్వాత చట్టాలు మారాయి. పేర్లు మారాయి. నీడ అవసరం మారలేదు.

దూబగుంటలో

పని దగ్గరే కాదు, పని అయ్యాక కలిసే చోట కూడా ఇలాగే జరుగుతుంది. దూబగుంట సంగతి మీరు విని ఉంటారు. అది నెల్లూరు జిల్లాలో ఒక ఊరు. 1991 ప్రాంతంలో ఆ జిల్లాలో చదువు ఉద్యమం జోరుగా నడిచింది. పగలంతా కూలి చేసుకున్న ఆడవాళ్ళు రాత్రి క్లాసుకు వచ్చేవాళ్ళు. లాంతరు చుట్టూ కూచునేవాళ్ళు. పాఠంలో తాగుబోతు మొగుడి వల్ల చితికిపోయిన ఇంటి కథ వచ్చింది. చదువు ఆగింది. మాటలు మొదలయ్యాయి. "మా ఇంట్లోనూ ఇంతే." "మా ఇంట్లోనూ ఇంతే."

అప్పటిదాకా ఒక్కొక్కరూ అది తన తలరాత అనుకున్నారు. అందరి ఇంట్లోనూ అదే ఉంటే అది తలరాత ఎలా అవుతుంది? ఊళ్ళో సారా కొట్టు వల్ల వచ్చింది. కొట్టు మూయించాలి. ఈ ఉపాయం లాంతరు చుట్టూ పుట్టింది. దూబగుంట రోశమ్మ ముందు నిలబడింది. 1992లో ఆ మాట ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. తర్వాత 1995లో మద్యం మొత్తం నిషేధించారు. అది 1997లో సడలిపోయింది. ఆ కథ వేరు. క్లాసులో పలకల దగ్గర మొదలైన మాట హైదరాబాదు దాకా పోయిందన్నది మాత్రం నిజం.

అన్ని కబుర్లూ మంచివా?

కావు. గట్టు మీద చాడీలు కూడా నడుస్తాయి. లేనివాళ్ళ మీద మాటలు పడతాయి. ఇంకా పెద్ద చిక్కు ఒకటి ఉంది. మాట మంచి ఉపాయాన్ని మోసినట్టే చెడ్డ ఉపాయాన్ని కూడా మోస్తుంది.

బెల్లం తెల్లగా, మెరుస్తూ ఉంటే ఎక్కువ ధర పలుకుతుంది. అందుకని కొందరు రసంలో హైడ్రోస్ అనే మందు కలుపుతారు. "పక్కవాడు వేశాడు, రంగు వచ్చింది" అని మాట పాకుతుంది. అది మోతాదు మించితే తినేవాళ్ళ ఆరోగ్యానికి మంచిది కాదు. బెండ జిగురు మేలు. గట్టు మీద విన్నది ఒంటికి, పంటకు సంబంధించినది అయితే తెలిసినవాళ్ళను ఇంకోసారి అడగాలి. అనకాపల్లి పరిశోధనా కేంద్రం ఉన్నది అందుకే. నర్సమ్మను అడగండి. వ్యవసాయ అధికారిని అడగండి.

మనలో ఇంకో లోటు ఉంది. చెప్పక తప్పదు. ఒకే చెట్టు కింద కూడా కులం చూసుకుని వేరు వేరుగా కూచుంటాం. ఈ వరసలో వీళ్ళు, ఆ వరసలో వాళ్ళు. కొత్త కోడలు ఒక పక్కన తల వంచుకుని తింటుంది. ఆమెను ఎవరూ పలకరించరు. ఆమె పుట్టిన ఊళ్ళో అదే పని ఇంకోలా చేస్తారేమో. మనకు తెలియని ఉపాయం ఆమెకు తెలుసేమో. అడిగితే కదా! వరసలుగా కాకుండా గుండ్రంగా కూచుంటే ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది. మాట అందరి దగ్గరకూ వెళ్తుంది.

ఒక ఊళ్ళో రాసుకున్నారు

మా క్లాసు నడిచిన ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు గుంపుగా కూలికి వెళ్ళేవాళ్ళు. పని దగ్గర నీళ్ళు దూరం. ఒక్కొక్కరూ వెళ్ళి తాగి వచ్చేసరికి పని ఆగేది. మేస్త్రీ తిట్టేవాడు. ఒకరోజు అన్నాల దగ్గర ఈ మాట వచ్చింది. ఒకామె అంది, "రోజుకొకరు నీళ్ళు తెస్తే పోలేదా? ఆమె వంతు పని మనం తలా కాస్త చేసేద్దాం." ఇంకొకామె అంది, "నీళ్ళు తెచ్చే ఆమే పిల్లల్ని కూడా చూసుకుంటే?" చంటిబిడ్డల తల్లుల ముఖాలు వెలిగాయి. మర్నాటి నుంచి అలాగే చేశారు.

ఈ సంగతి క్లాసులో చెప్పారు. మరి రాసుకోరాదా అన్నాను. అప్పటికి వాళ్ళకు చిన్న చిన్న మాటలు రాయడం వచ్చింది. ఒక నోటుబుక్కు కొన్నారు. కేరేజీ సంచిలో పెట్టుకుని పనికి తీసుకెళ్ళేవాళ్ళు. అన్నం తిన్నాక ఎవరో ఒకరు రాసేవాళ్ళు. వంకర అక్షరాలే. ఒత్తులు తప్పేవి. పేజీ మీద పచ్చడి మరకలు ఉండేవి. నేను చూసినప్పుడు మొదటి పేజీలో ఇలా ఉంది:

నీళ్ళు వంతు వేసుకున్నాం. సోమవారం నుంచి.

పిప్పి కింద తాటాకు పరవాలి. నేల తడి ఎక్కదు.

పాత చొక్కా మేలు. కొత్తది గీసుకుంటుంది.

కొడవలి పిడికి గుడ్డ చుట్టాలి. చెయ్యి బొబ్బ ఎక్కదు.

ఆ కింద పెద్ద పెద్ద అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. అది వాళ్ళందరిలోకీ పెద్దామె రాసింది. ఆమె నలభై ఏళ్ళుగా కూలికి వెళ్తోంది. అక్షరాలు నేర్చుకుని ఆరు నెలలు కాలేదు.

మేస్త్రీని కూడా కూర్చోమనాలి.

కూర్చోమన్నారట. మొదటి రోజు ఆయన రాలేదు. నాకు పనుంది అన్నాడు. మూడో రోజు కేరేజీ తెచ్చుకుని ఒక పక్కగా కూచున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆవకాయ ఉందా అని అడిగాడు.